పైకి లాగమంటే కిందికి తోశాను

మా ఆసుపత్రి ఫిజియోథెరపీ మేడం అంటే నాకు మొదటినుంచీ గిట్టదు.

నేను కాన్పుల వార్డు నర్సుని. ఢిల్లీ పక్కన వైశాలిలో మా ఇంటి నుంచి ఈ-రిక్షాలో పది నిమిషాలు వెళ్తే మా ఆసుపత్రి. అప్పటికి అక్కడ ఎనిమిదేళ్ళ సర్వీసు నాది. వార్డు మూడో అంతస్తులో ఉంటే ఆమె గది బేస్‌మెంట్‌లో, ఎక్స్‌రే పక్కన. మేం డిశ్చార్జి కాగితాలతో ఊపిరాడకుండా ఉన్న వేళ చూసుకుని మరీ వచ్చినట్టు, రోజూ మధ్యాహ్నం ఫైలు చంకన పెట్టుకుని పైకొచ్చేది. ముందురోజు కాన్పయినవాళ్ళ మంచం పక్కకి కుర్చీ లాక్కుని, కర్టెన్ వేసి, "దగ్గినప్పుడు మూత్రం పడుతోందా? గాలి ఆపుకోగలుగుతున్నారా?" అని హిందీలో తాపీగా అడిగేది. ఆమె వెళ్ళిపోయాక ఆ ఆడవాళ్ళంతా మమ్మల్ని పిలిచి, లేని జబ్బేదో తగులుకున్నట్టు కంగారు పడేవాళ్ళు. సర్దిచెప్పడం మా పని. "అందరికీ ఉంటుంది, అదే పోతుంది" అని ఎన్ని వందలసార్లు అన్నానో లెక్కలేదు.

ఒకరోజు నాలుగో బెడ్ దగ్గర ఆమె అలాగే కూర్చుని ఏదో రాసుకుంటోంది. కర్టెన్ ఇవతల నేనూ, కాకినాడ వైపు నుంచి వచ్చిన ఇంకో సిస్టరూ ఇంజెక్షన్లు సర్దుతున్నాం. నేను తెలుగులో, గొంతేమీ తగ్గించకుండా అన్నాను: "దీనికి పనీపాటా లేదు. ఉచ్చ పోసుకోవడం కూడా బళ్ళో పాఠంలాగా చెప్తదంట." ఇద్దరం నవ్వుకున్నాం. కర్టెన్ సందులోంచి ఆమె తలెత్తి ఒక్కసారి మా వంక చూసి, మళ్ళీ రాసుకుంది. మాట అర్థం కాకపోయినా నవ్వు అర్థమై ఉంటుంది, మంచిదే అనుకున్నాను.

మరుసటి ఏడు అదే వార్డులో నాకు కాన్పయింది. పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డాను. చివర్లో బిడ్డ తల దిగిరాక డాక్టరమ్మ ఫోర్సెప్స్ పెట్టింది. మా ఇన్‌ఛార్జి సిస్టర్ బల్ల పక్కన స్టూలెక్కి, నా పొట్ట మీద ముంజేయి ఆనించి బలమంతా పెట్టి నొక్కింది. అలా నొక్కకూడదని మేం చదువుకున్నాం. చదువుకుని కూడా అందరం నొక్కేవాళ్ళం. నా చేతులతో ఎంతమందిని నొక్కానో నాకే గుర్తులేదు. కింద పడుకుని చూస్తే అది ఎలా ఉంటుందో ఆరోజు తెలిసింది. ఎముకలు విడిపోయినట్టనిపించింది. "జోర్ లగావో, జోర్ లగావో" అని, గట్టిగా తొయ్యమని, నా తోటివాళ్ళే నా చెవిలో అరుస్తున్నారు. అవి నేను రోజూ అరిచే అరుపులే. వాళ్ళందర్నీ కొట్టాలనిపించింది.

మూడు కిలోల ఎనిమిది వందల గ్రాముల ఆడపిల్ల. "కొన్ని కుట్లు పడ్డాయి, అంతే" అంది డాక్టరమ్మ చేతి తొడుగులు విప్పుతూ.

రెండోరోజు ఫిజియో మేడం నా మంచం దగ్గరికి కూడా వచ్చింది. నేను గోడవైపు తిరిగి నిద్రపోతున్నట్టు నటించాను. కాసేపు నిలబడి, వ్యాయామాల బొమ్మలున్న కాగితం ఒకటి బల్ల మీద పెట్టి వెళ్ళింది. రేపల్లె నుంచి వచ్చిన మా అమ్మ దాన్ని పాలగ్లాసు మీద మూతగా వేసింది.

అమ్మ రెండు నెలలు ఉంది. పాత చీర చింపి నా నడుం చుట్టూ ఊపిరాడనంత గట్టిగా కట్టేది. వెల్లుల్లి కారం అన్నం పెట్టేది. మంచినీళ్ళు అడిగితే సగం గ్లాసే ఇచ్చేది. "నీళ్ళెక్కువ తాగితే పొట్టొస్తదే" అనేది. పదిహేను రోజులకి కుట్లు మానాయి. కానీ తుమ్మినా, బిడ్డని ఎత్తుకుని లేచినా, నవ్వినా లోపల తడిసిపోతోంది. ఒక్కోసారి బాత్రూం తలుపు గడియ తీసేలోపే అయిపోతోంది. నెల తర్వాత అమ్మకి చెప్పాను.

అమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది. చెయ్యి ఆపలేదు.

"ఆడదానికి ఇయ్యన్నీ ఉంటయ్యే. నాకు నిన్ను కన్నకాడ్నుంచీ ఉంది. ఎవురికన్నా చెప్పానా?"

"ముప్పై రెండేళ్ళ నుంచా?"

"ఎన్నేళ్ళయితే ఏంది. గుడ్డ పెట్టుకుంటే సరిపోద్ది."

అప్పుడు చాలా సంగతులు అర్థమయ్యాయి నాకు. మా ఊరి చర్చిలో అమ్మ ఎప్పుడూ తలుపు పక్క బెంచీ చివర్లోనే ఎందుకు కూర్చునేదో, దగ్గొస్తే కాళ్ళు మెలిపెట్టుకుని ఎందుకు నిలబడేదో, బస్సు ప్రయాణమంటే ముందురోజు నుంచే నీళ్ళు ఎందుకు మానేసేదో. జాలి పడాల్సింది. కోపమొచ్చింది. నేను నర్సింగ్ చదివాను. తొమ్మిదేళ్ళుగా కాన్పులు చేస్తున్నాను. ఒక్క మాట నాతో అనకూడదా? అదే అడిగితే, "నువ్వు నర్సువి కదా, నీకు తెలవదా?" అంది.  ఆరోజు ఇద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు.

ఆరు నెలల సెలవు అయిపోయి డ్యూటీకి వెళ్ళాను. ఇంటి నుంచి ఆసుపత్రి దాకా రోడ్డంతా గుంతలు. ఈ-రిక్షా ఒక్కో గుంతలో పడ్డప్పుడల్లా పళ్ళు బిగపట్టి కూర్చునేదాన్ని. లోపల రెండు ప్యాడ్లు ఒకదాని మీద ఒకటి పెట్టుకునేదాన్ని. డ్యూటీలో ఉన్నంతసేపూ నీళ్ళు ముట్టుకునేదాన్ని కాదు. డాక్టరమ్మని కారిడార్‌లో అడిగితే నడక ఆపకుండానే, "రెండో బిడ్డ కూడా అయిపోనీ, అప్పుడు చిన్న ఆపరేషన్ చేసేద్దాం" అని వెళ్ళిపోయింది.

మూడోవారంలో ఒక కాన్పు జరుగుతోంది. ఆ అమ్మాయి కాలు నా భుజానికి ఆనించుకుని, వంగి, "జోర్ లగావో!" అని గట్టిగా అరిచాను. ఆ అరుపుతోపాటే నాకు పోయింది. చుక్కలు కాదు, మొత్తం. ప్యాంటు తడిసి, చెప్పుల్లోకి దిగి, నేల మీద చిన్న మడుగైంది. గుడ్డ పట్టుకుని తుడవడానికొచ్చిన ఆయా ఒకసారి నేల వంకా, ఒకసారి నా కాళ్ళ వంకా చూసి, పైకే అంది: "ఇది పేషెంటుది కాదు సిస్టర్."

గదిలో అందరూ నా కాళ్ళు చూశారు. ఇన్‌ఛార్జి సిస్టర్ బిడ్డ తల పట్టుకుని ఉండి, తలెత్తకుండానే అంది: "వెళ్ళి మార్చుకో. రేపట్నుంచి డైపర్ కట్టుకుని రా. పిల్లల సైజువి స్టోర్‌లో ఉన్నాయి, నీ సైజు బయట కొనుక్కో." ఎవరో నవ్వారు. బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని నేను ఏడవలేదు. ఇన్‌ఛార్జిని, ఆయాని, ఆ నవ్విన మనిషిని, డాక్టరమ్మని, ఇంట్లో నిద్రపోతున్న బిడ్డని కూడా వరసపెట్టి తిట్టుకున్నాను. ఒక్కర్నీ వదల్లేదు.

ఇంట్లో మా ఆయనకి చెప్పాను. ఆయన నోయిడాలో ఒక ల్యాబులో టెక్నీషియన్. మెత్తని మనిషి. అంతా విని, "ప్రభువుకి అప్పగిద్దాం" అన్నారు. అది ఆయన మామూలుగా అనే మాటే కాబట్టి నేను పట్టించుకోలేదు. ఆ ఆదివారం మా తెలుగు క్రైస్తవ సంఘం కూడుకునే లక్ష్మీ నగర్ స్కూలు హాలుకి వెళ్ళాం. పాటలయ్యాక ప్రార్థన మనవుల చీటీలు చేతిలో పెట్టుకుని పాస్టరమ్మగారు మైకు అందుకున్నారు. ఎవరికో ఉద్యోగం, ఎవరికో వీసా, ఎవరి నాన్నకో మోకాళ్ళ నొప్పి. తర్వాత చీటీ తీసి నా పేరు చదివి, "ప్రభువా! మా సహోదరికి కాన్పు తర్వాత మూత్ర సంబంధమైన బలహీనత ఉంది తండ్రీ! ఆపుకోలేకపోతోంది తండ్రీ! నీ హస్తంతో ముట్టు తండ్రీ!" అన్నారు. హాలంతా "ఆమెన్" అంది. వెనక వరసలో పెళ్ళికాని కుర్రాళ్ళు కూడా అన్నారు.

నేను బిడ్డని ఎత్తుకుని లేచి బయటికి నడిచాను. లేచిన విసురుకి మళ్ళీ తడిసింది. గేటు దాకా ఇద్దరు ఆంటీలు వెంటపడి వచ్చారు. ఒకావిడ బార్లీ నీళ్ళు తాగమంది, ఇంకొకావిడ ఉపవాస ప్రార్థనలో కూర్చోమంది.

"చీటీ మీద రాశాను. తప్పేముంది? జ్వరమొస్తే రాయమా?" అన్నారు మా ఆయన ఆటోలో.

"మీకొచ్చిన జ్వరాలు రాసుకోండి. నా ఒంటి సంగతి మైకులో పెట్టడానికి మీరెవరు?"

"వాళ్ళంతా మనవాళ్ళే కదా."

"కాదు" అన్నాను. వారం రోజులు ఆయనతో బిడ్డ పాల గురించీ టీకా గురించీ తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. సంఘానికి కొన్ని నెలలు వెళ్ళలేదు.

వైద్యం చేయించుకోవాలని అప్పుడు గట్టిగా అనుకున్నాను. అయినా సొంత ఆసుపత్రి బేస్‌మెంట్‌కి వెళ్ళడానికి మనసొప్పలేదు. ఢిల్లీకి ఆ చివరనున్న ద్వారకలో ఇలాంటి సమస్యలకే ఒక క్లినిక్ ఉందని కనుక్కుని, మా వైపు వాళ్ళెవరూ అంత దూరం రారని ధైర్యం చేసుకుని, సెలవురోజు బిడ్డని ఆయనకి అప్పగించి మెట్రో ఎక్కాను. వైశాలి నుంచి ద్వారకకి ఒకటే లైను, రైలు మారనక్కర్లేదు. కానీ నేను మూడుచోట్ల దిగాల్సి వచ్చింది. మొదటి స్టేషన్లో బాత్రూం దొరికింది. రెండోచోట తాళం వేసి ఉంటే గార్డు భయ్యాని బతిమాలి తీయించుకున్నాను. మూడోది రాజీవ్ చౌక్. ఆ జనంలో, ఎస్కలేటర్ మీద, ముందూ వెనకా మనుషులు ఒత్తుకుంటుండగా ఇక ఆగలేదు. చున్నీ నడుముకి చుట్టుకుని వెనక్కి వెళ్ళే రైలెక్కాను. ఆడవాళ్ళ పెట్టెలో సీట్లు ఖాళీగా ఉన్నాయి. వైశాలి దాకా నిలబడే వచ్చాను.

మరుసటి సోమవారం డ్యూటీ దిగాక బేస్‌మెంట్ మెట్లు దిగాను.

ఆమె నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, నవ్వలేదు. ఒక ఫారం తీసి హిందీలో ప్రశ్నలు మొదలుపెట్టింది. రోజుకి ఎన్నిసార్లు, ఎంత, ఎప్పుడెప్పుడు. "ఎప్పుడో ఒకసారి, తుమ్మినప్పుడు. అంతే" అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టింది.

"మీరు అబద్ధం చెప్తే నాకు ఏం పోదు" అంది. తెలుగులో.

నేను బిత్తరపోయాను. పలుకు హిందీవాళ్ళదే, మాట మాత్రం తెలుగు.

"మా నాన్నది శ్రీకాకుళం. నేను ఇక్కడే పుట్టాను. నాకు అంతా అర్థమవుద్ది, మాట్లాడాలంటే తప్పులొస్తాయి" అంది. ఆగి, "నాలుగో బెడ్ కాడ మీరు అన్నది కూడా అర్థమైంది" అని కలిపింది.

ఇప్పుడు రాస్తున్నప్పుడు నేనేదో అన్నానని రాయొచ్చు. నిజంగా నేనేమీ అనలేదు. క్షమించమని అడగాలని తోచనే లేదు. ఇన్నాళ్ళూ అర్థం కానట్టు నటించి ఇప్పుడు పట్టుకుందే అని ఒళ్ళు మండింది. ఆమె మళ్ళీ పెన్ను తీసుకుని హిందీలోకి వెళ్ళిపోయింది. నేను తెలుగులో చెప్పాను, ఈసారి నిజం. అన్ని వారాలూ మా మధ్య అలాగే నడిచింది. నేను తెలుగు, ఆమె హిందీ.

పరీక్ష చెయ్యాలంది. తలుపు గడియ వేసి, దుప్పటి ఇచ్చి, ప్రతి పనికీ ముందు చెప్పింది. ఇప్పుడు చెయ్యి పెడతాను, ఇప్పుడు ఒక వేలు లోపలికి వస్తుంది, వద్దంటే అక్కడే ఆపేస్తాను, సరేనా? నేను సరే అనేదాకా నిజంగానే ఆగింది. నేను రోజుకి పదిమందిని పరీక్ష చేసేదాన్ని. "కాళ్ళు దూరం పెట్టు" అనడం తప్ప ఇంకేదీ ఎవరినీ అడిగిన గుర్తు లేదు. ఆమె అలా అడిగిన కొద్దీ నన్నేదో తప్పుపడుతున్నట్టు అనిపించింది. "అడగనక్కర్లేదు, కానివ్వండి" అన్నాను విసురుగా.

"అడుగుతాను" అంది. "ఇప్పుడు గాలి ఆపుకుంటున్నట్టు బిగించి, పైకి లాగండి."

లాగాను.

"తోస్తున్నారు."

"లాగుతున్నాను."

"నా వేలు బయటికొస్తోంది సిస్టర్. కిందికి తోస్తున్నారు. ఊపిరి బిగపట్టకండి. పైకి."

మళ్ళీ చేశాను. మళ్ళీ అదే మాట. మూడోసారికి నాకు తిక్కరేగింది. "నాకు చెప్తారా? తొమ్మిదేళ్ళ నుంచి ఈ పనిలోనే ఉన్నాను."

"తొమ్మిదేళ్ళ నుంచి తొయ్యమనడమే చేశారు" అంది. "లాగడం ఎవరికీ చెప్పలేదు కదా. మీకెలా వస్తుంది?"

ఆమె గొంతులో ఎత్తిపొడుపు కూడా లేదు. ఫారం మీద గీత గీసినట్టు అంది. అదే నాకు మరీ మంటెత్తించింది. ఐదులో ఒకటి అని రాసింది. మూత్రసంచినీ గర్భసంచినీ కింద నుంచి మోసే కండరాలు ఎంత గట్టిగా బిగుసుకుంటున్నాయో చూసి సున్నా నుంచి ఐదు దాకా మార్కు వేస్తారు. నర్సింగ్‌లో ఏ పరీక్షా తప్పని నాకు ఒకటి వచ్చింది.

ఇంకోటి కూడా చెప్పింది. "మీ ఫైల్లో రెండో డిగ్రీ చీలిక అని రాశారు. కుట్టు మచ్చ వెనక దాకా ఉంది. మలద్వారం దగ్గరి కండరం కొంత తెగినట్టుంది. నేనైతే మూడోది అంటాను." డిగ్రీ పెరిగినకొద్దీ చీలిక లోతు పెరిగినట్టు.

ఆ సాయంత్రమే డాక్టరమ్మని ఆమె గదిలోనే అడిగాను. "డిగ్రీలు ఫిజియోవాళ్ళు ఎప్పటినుంచి నిర్ణయిస్తున్నారు?" అంది ఫోన్‌లోంచి తలెత్తకుండా. నేను నిలబడే ఉన్నాను. "ఇంకేమైనా ఉందా?" అంది. లేదని వచ్చేశాను.

ఆ తర్వాత నాలుగున్నర నెలలు వారానికోసారి ఆ మెట్లు దిగాను. ఎప్పుడూ ఇష్టంగా దిగలేదు. తాగిన నీళ్ళూ, వెళ్ళిన వేళలూ మూడు రోజులపాటు రాసుకురమ్మంటే రాసుకెళ్ళాను. చదివి, "రోజంతా మూడు గ్లాసులు, నాలుగు టీలా? చిక్కటి మూత్రం సంచిని ఇంకా తొందరపెడుతుంది. నర్సయి ఉండి ఇది కూడా తెలియదా?" అంది. సరిగ్గా మా అమ్మ అడిగినట్టే అడిగింది. కారిపోతుందేమోనని ముందుజాగ్రత్తగా గంటకోసారి వెళ్ళడం మానమంది. "వార్డులో మళ్ళీ మడుగైతే మీరొచ్చి తుడుస్తారా?" అన్నాను. "తుడవను. అయినా వెళ్ళకండి. గంటంబావు ఆగండి, తర్వాత గంటన్నర" అంది.

వ్యాయామమంటే పైకి కనిపించేదేమీ ఉండదు. పడుకుని, తర్వాత కూర్చుని, తర్వాత నిలబడి, లోపలికి బిగించి, పైకి లాగి, ఐదు అంకెలు లెక్కపెట్టి, పూర్తిగా వదలాలి. వదలడం కూడా రావాలంది. అది నాకు లాగడంకన్నా కష్టమైంది. దగ్గు వస్తోందని తెలిసిన క్షణానే ముందు బిగించి తర్వాత దగ్గాలి. బిడ్డని ఎత్తేముందు కూడా అంతే. రెండో నెలలో కూడా తేడా కనిపించక ఒక వారం వెళ్ళలేదు. తర్వాతి వారం వెళ్తే, "ఇంకోసారి చెప్పకుండా మానేస్తే మీ టైము వేరేవాళ్ళకి ఇస్తాను. వరసలో ఉన్నారు" అంది. "ఇచ్చుకోండి" అని తలుపు దాకా వెళ్ళాను. ఆమె పిలవలేదు. తలుపు దగ్గర తుమ్మొచ్చింది. బిగించడం మర్చిపోయాను. తడిసింది. తిరిగొచ్చి బల్ల మీద పడుకున్నాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చింది.

కుట్టుమచ్చని మెత్తబరచాలని ఆమె వేలితో ఒత్తిన రోజు నొప్పికి కాదు గానీ ఎందుకో ఏడుపొచ్చింది. స్టూలు మీద నుంచి నా పొట్ట నొక్కిన ఆ ముంజేయి మళ్ళీ పడ్డట్టనిపించింది. బల్ల మీద పడుకునే వెక్కివెక్కి ఏడ్చాను. ఆమె చెయ్యి తీసేసి, దుప్పటి కప్పి, కాగితం రుమాళ్ళ డబ్బా నా పక్కన పెట్టి, వెనక్కి తిరిగి కూర్చుంది. ఒక్క ఓదార్పు మాట అనలేదు. చివరికి, "ఇవాళ్టికి చాలా, ఇంకొంచెం చేద్దామా?" అని అడిగింది.

"చెయ్యండి" అన్నాను.

మూడో నెల చివర్లో ఒకరోజు ఈ-రిక్షా పెద్ద గుంతలో పడింది. ఇంటికెళ్ళి చూసుకుంటే ప్యాడు పొడిగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఆమెకి కూడా వారం తర్వాతే చెప్పాను. "ఠీక్ హై" అని రాసుకుంది.

ఆ రోజుల్లోనే వార్డులో గొడవ జరిగింది. ఇరవై ఏళ్ళ పిల్ల, మొదటి కాన్పు. బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది, తల మెల్లగా దిగుతోంది. తొందరేమీ లేదు. పక్క బల్ల మీద ఇంకొకరు ఎదురుచూస్తున్నారని ఇన్‌ఛార్జి సిస్టర్‌కి తొందర.

"స్టూలెక్కి నొక్కు" అంది నాతో.

"నొక్కను సిస్టర్."

"క్యా?"

"నొక్కను. బిడ్డ బాగానే ఉంది. ఇంకో నాలుగు నొప్పులు చూద్దాం. కావాలంటే డాక్టర్‌ని పిలుద్దాం."

"బేస్‌మెంట్‌కి నాలుగుసార్లు వెళ్ళొచ్చేసరికి పెద్ద డాక్టర్‌వయ్యావా?" అని తనే స్టూలెక్కింది. ఆమె ముంజేయి ఆ పిల్ల పొట్ట మీద ఆనగానే నేను మోచెయ్యి దగ్గర పట్టుకున్నాను. ఆమె విదిలించింది. నేను వదల్లేదు. మధ్యలో ఆ పిల్ల, నొప్పి కూడా మర్చిపోయి, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఆ పిల్ల పొట్ట మీదుగా ఇద్దరు నర్సులం కొట్టుకున్నంత పని చేశాం. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉండదు. డాక్టరమ్మ వచ్చేసరికి బిడ్డ తల కనిపించింది. ఎవరూ నొక్కకుండానే పుట్టాడు.

ఇన్‌ఛార్జి తన మీద చెయ్యి చేసుకున్నానని రాసిచ్చింది. మూడో రోజున నాకు మెమో, వారానికల్లా బదిలీ వచ్చాయి. కింది అంతస్తులో పిల్లల టీకాల గదికి వేశారు. కాకినాడ సిస్టర్‌ని సాక్ష్యం చెప్పమంటే, "నేను సరిగ్గా చూడలేదు" అంది. చూసింది. నా పక్కనే ఉంది.

ఇదంతా ఫిజియో మేడంకి చెప్తే మెచ్చుకుంటుందనుకున్నాను. ఆ ఒక్కరోజు మాత్రం ఆమె నుంచి ఒక మంచి మాట కోరుకున్నాను. ఆమె మొహం ఎర్రబడింది.

"చెయ్యి ఎందుకు పట్టుకున్నారు? నొక్కనన్నారు, అక్కడితో ఊరుకుని డాక్టర్‌ని పిలవాల్సింది. ఇప్పుడు ఆ వార్డులో నా మాట వినే మనిషి ఒక్కరైనా ఉన్నారా? ఐదేళ్ళుగా పైకొస్తున్నాను. మీవాళ్ళు నవ్వడం తప్ప ఏం చేశారు? ఒక్కరు మారారనుకుంటే మీరు కొట్లాడి కిందికొచ్చి కూర్చున్నారు."

"మీ కోసం చేశాననుకున్నారా?" అన్నాను.

"నా కోసం చెయ్యలేదు, ఆ పిల్ల కోసమూ చెయ్యలేదు. మీ కోపం కోసం చేశారు" అంది. "పడుకోండి. టైమవుతోంది."

ఆమె అన్నదాంట్లో నిజముందని ఇంటికెళ్ళే దారిలోనే తెలిసింది. తెలిసినందుకు ఆమె మీద కోపం ఇంకాస్త పెరిగింది.

నాలుగున్నర నెలలకి చివరి పరీక్ష చేసి నాలుగు అని రాసింది. ఐదెందుకు కాదని అడిగాను. "తెగిన కండరం పూర్తిగా మునుపటిలా కాదు. రొంప పట్టినప్పుడూ, బాగా అలిసిపోయినప్పుడూ కొంచెం పడొచ్చు. వ్యాయామం జీవితాంతం చెయ్యాలి. ఇంకో కాన్పు అనుకుంటే ముందే డాక్టర్‌తో మాట్లాడండి, సిజేరియన్ గురించి కూడా" అంది. కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చింది. నేను తీసుకున్నాను. థాంక్స్ అన్నానో లేదో గుర్తులేదు. అనలేదనుకుంటాను.

రెండో బిడ్డ సంగతి మా ఆయన ఆ వేసవిలో ఎత్తారు. వద్దన్నాను. ఎందుకని అడిగారు. మేడం రాసిచ్చిన కాగితం చేతికిచ్చి చదవమన్నాను. రెండుసార్లు చదివారు. తర్వాత, "ఇంత జరిగిందని నాకు తెలియదు" అన్నారు. చీటీ మీద రాసేముందు అడిగితే తెలిసేదన్నాను.  ఆయన ఆ కాగితం మడిచి బీరువాలో బిడ్డ పుట్టిన సర్టిఫికెట్ పక్కన పెట్టారు.

మా అమ్మకి ఫోన్‌లో ఈ వ్యాయామం నేర్పాలని చూశాను. "సిగ్గు లేదా ఏందే నీకు, ఈ వయసులో నాకు ఇయ్యా నేర్పేది?" అని పెట్టేసింది. ఇంకో రెండుసార్లు చేశాను. పెట్టేసింది. ఇంకా చేస్తున్నాను.

ఈ మార్చిలో ఫిజియో మేడం ఉద్యోగం మానేసింది. గురుగ్రామ్‌లో ఎక్కడో చేరిందట. నాతో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. ఎక్స్‌రే గది అతను చెప్తే తెలిసింది. ఆమె జాగాలో ఎవరినీ వెయ్యలేదు. ఆ గదికి తాళం వేసి, కొన్నాళ్ళకి పాత మంచాలు పెట్టారు. టీకాలకి బిడ్డల్ని తెచ్చే తల్లుల్లో ఇద్దరు ముగ్గురు, ఆమె దగ్గర సగం వైద్యం చేయించుకున్నవాళ్ళు, "దీదీ, ఆ మేడం ఎప్పుడొస్తుంది?" అని నన్ను అడగసాగారు. తెలియదన్నాను. రెండోసారి తెలియదనడానికి నోరు రాలేదు.

ఆ ఉద్యోగం ఎప్పుడు భర్తీ చేస్తారని అడుగుతూ మెడికల్ సూపరింటెండెంట్‌కి ఒక అర్జీ రాశాను. జవాబు రాలేదు. నెల తర్వాత ఇంకోటి రాశాను. ఈసారి వట్టినే ఇచ్చి రాకుండా ఆఫీసు క్లర్కు బల్ల ముందు నిలబడి, నకలు మీద అందినట్టు సంతకం పెట్టమన్నాను.

"మీరు టీకాల సిస్టర్ కదా, ఇవన్నీ మీకెందుకు?" అన్నాడు క్లర్కు.

"సంతకం పెట్టండి" అన్నాను.

తారీకు వెయ్యకుండా పెట్టాడు. తారీకు కూడా వేయించుకుని వచ్చాను.